తలకిందుల ముద్ర

సోమవారం పొద్దున్న ఇసోగై పెట్టుకున్న పని చాలా చిన్నది. చేతులు వణికే ముసలివాళ్ళు కూడా ఒలకకుండా ఒంపుకోగల టీ కెటిల్ తయారీకి అనుమతి కాగితం రాసి, శుక్రవారంలోగా దాని మీద సంతకాలకు బదులుగా ఐదుగురి పేరు ముద్రలు వేయించుకోవాలి. ఆ గడువు దాటితే అచ్చులవాళ్ళ దగ్గర కెటిల్ పోతకు అచ్చు చేయించుకునే వంతు వేరే కంపెనీకి పోతుంది, మళ్ళీ రెండేళ్ళ దాకా రాదు. ఆ కెటిల్ కోసం ఆమె మూడేళ్ళు చాకిరీ చేసింది. నమూనాలు వాడి చూసిన సాన్‌జో ఊరి బామ్మలు పదకొండుమందీ "ఎప్పుడొస్తుందమ్మా?" అని కనబడిన చోటల్లా ఆపుతున్నారు.

అదృష్టం చూడండి, తొమ్మిదిన్నరకల్లా డైరెక్టర్ తొగాషి స్వయంగా దిగొచ్చాడు. పద్ధతి ప్రకారం ఆయన ముద్ర ఆఖర్న పడాలి. కానీ ఆయనకు ఆ కెటిల్ అంటే ప్రాణం, పైగా పదింటికి రైలు, శుక్రవారం దాకా ఊళ్ళో ఉండడు. తను ముందే వేసేస్తే మిగతావాళ్ళు గబగబా వేసేస్తారనుకున్నాడు. "కానివ్వండి ఇసోగై గారూ" అని, బల్లకు అవతలి వైపు నుంచే వంగి ముద్ర కొట్టేశాడు. ఆ సమయానికి ఇసోగై నడుం వంచి నమస్కరిస్తోంది. తలెత్తేసరికి ఆయన గుమ్మం దాటేశాడు. కాగితం మీద ముద్ర తలకిందులుగా ఉంది.

తలకిందుల ముద్రంటే 'నాకిష్టం లేదు, కానీ అడ్డుపడను' అని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. ఇసోగై ఫోన్ చేసి అడగొచ్చు. కానీ పెద్దాయన అంత మర్యాదగా కాదన్నాక, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టడమా! అడగలేదు.

సెక్షన్ హెడ్ నెమోతో కాగితం చూసి ఇబ్బందిగా పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చాడు. "కెటిల్ బంగారంలా ఉందమ్మా, మా అమ్మకీ ఒకటి కావాలి. కానీ డైరెక్టరు గారికే ఇష్టం లేకపోతే నేను నిటారుగా కొట్టడం ఏం బావుంటుంది, చెప్పు?" అని తనదీ తిప్పి కొట్టాడు. అమ్మకాల మేనేజరు ఉసుయి, "ఇద్దరు తిప్పారంటే ఏదో ఉందన్నమాటే. ఏంటో అడిగితే బావుండదులే" అని తనూ తిప్పి కొట్టాడు. మిగిలిన ఇద్దరు మేనేజర్లు ఆ మాట కూడా అనకుండానే తిప్పి కొట్టేశారు.

శుక్రవారం తిరిగొచ్చిన తొగాషి ఆ నాలుగు ముద్రలూ చూసి కుర్చీలో కూలబడ్డాడు. తన ముద్ర వైపు చూడనే లేదు, అది వేసింది తనే కదా! ఇంతమందికి ఇష్టం లేనిదాన్ని పైనుంచి రుద్దడం పెద్దరికం కాదనుకుని, అచ్చులవాళ్ళకు ఫోన్ చేసి వంతు వదిలేశాడు. ఆ తర్వాత ఇసోగైని పిలిచాడు.

"ఏమీ అనుకోకండమ్మా. నలుగురూ తిప్పి కొడితే నేనొక్కణ్ణీ ఏం చేయను?"

"మొదట తిప్పింది తమరే కదండీ."

తొగాషి కాగితాన్ని దగ్గరకు లాక్కుని తన ముద్ర చూశాడు. "నేను... మీ బల్లకు అవతల నిలబడి వేశానమ్మా" అన్నాడు. గబుక్కున మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. పది నిమిషాల కిందటే ఆ వంతును ఇంకొకరు ఎగరేసుకుపోయారట.

"ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేదమ్మా!" అన్నాడాయన. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదండీ అని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చినా, కాగితం తీసుకుని నడుం వంచి నమస్కరించింది.

శనివారం ఆమె నమూనాలు వెనక్కి తెచ్చుకోవడానికి బయల్దేరింది. ఎనభై మూడేళ్ళ కాజియామా బామ్మ కెటిల్‌ను వదల్లేక వదులుతూ, "ఇంత మంచిదాన్ని ఆపేశారా! మీ ఆఫీసులో ఎవరికి నచ్చలేదే?" అని అడిగింది.

"అందరికీ నచ్చింది బామ్మగారూ" అంది ఇసోగై.