ఎలెన్ కీ కోసం గంగులు దండయాత్ర

కార్తీకమాసపు మంచుతెర వేగావతీ తీరాన పలచబడుతుండగా, కోతకు వచ్చిన వరిచేలు బంగారు కంకుల బరువుతో సామంతరాజుల్లా తలలు వంచి నిలుచుండగా, బస్సు కాంప్లెక్సులో కండక్టర్ల సింహనాదాలు దిక్కులు పిక్కటిల్లజేస్తుండగా, కోటకూ వీణలకూ పేరుగాంచిన బొబ్బిలి పట్టణంలో, ఒక రెండు గదుల పెంకుటింట్లో, త్రిలోకాలు దద్దరిల్లే ధ్వని ఒకటి పుట్టింది. అది భేరీనాదం కాదు. శంఖారావం కాదు. కిర్రుమని వెనక్కి వచ్చి సగంలో ఆగిపోయిన రైఫిల్ బోల్టు చప్పుడు.

ఆ ఆయుధాన్ని ధరించినవాడు హిమశిఖరసంచారి, శీతవాతసహిష్ణువు, మాజీ హవల్దారు, ప్రస్తుతం ఒక బ్యాంకు గుమ్మం ముందరి ఇనప స్టూలుకు ఏకచ్ఛత్రాధిపతి అయిన గంగులు. భార్య తవిటమ్మ పోయిన నాటినుంచి వంటింట్లో ఒకే గిన్నె, మొహంలో ఒకే కవళిక ఉంచుకుని బతుకుతున్న మహావీరుడు. సొంత రైఫిలు, దానికి లైసెన్సు ఉన్నాయి కనుకనే ఆ స్టూలు ఆయనకు దక్కింది. ఆ మధ్యాహ్నం సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజరు పృథ్వీరాజ్ తనిఖీకి వస్తున్నాడు. పేరు చక్రవర్తిది, చూపు చీటీపాటల వాడిది. ఆయుధం సరిగ్గా పని చెయ్యకపోతే ఆ స్టూలు మీద కూర్చోబెట్టడానికి కొత్త డబుల్ బ్యారెల్ తుపాకీతో తన మనిషిని సిద్ధం చేసి ఉంచాడని బ్యాంకు అంతటికీ తెలుసు. స్టూలు పోతే గంగులుకు కూర్చోడానికి మిగిలేది ఇల్లు. ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప పలికేది లేదు.

ఇక శత్రువును వర్ణిద్దాం. బోల్టు వెనక కొసన, నువ్వుగింజంత దేహంతో, షట్కోణ దుర్గం వంటి తలతో, దశాబ్దాలుగా బుద్ధిగా పడివుండి, సరిగ్గా తనిఖీ రోజునే వదులైన స్క్రూ ఒకటి. అది వదులైతే బోల్టు సగంలో పట్టేస్తుంది. దాన్ని జయించగల అస్త్రం భూమండలం మీద ఒక్కటే. అది వంకర తిరిగిన ఆరు పలకల ఇనపపుల్ల. మెకానిక్కుల భాషలో ఎలెన్ కీ. రైఫిలుతో పాటు వచ్చిన ఆ కీ ఇంట్లో లేదు. ట్రంకుపెట్టె బోర్లించాడు. మంచం కోళ్ళ కింద చూశాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"ఓరీ అణుప్రమాణ దురాత్మా, మంచుకొండల మీద శత్రుసేనలకు వెన్నుచూపని ఈ గంగులును నువ్వుగింజంత నువ్వు నిలవరించెదవా? నేటి సూర్యాస్తమయంలోగా నీ షట్కోణ శిరస్సును నా మునివేళ్ళతో తిప్పకున్నచో నేను హవల్దారునే కాను" అని మనసులో గర్జించాడు.

నోటితో మాత్రం "నీ జిమ్మడ" అన్నాడు.

ఖాళీ రైఫిలును బీరువాలో పెట్టి తాళం వేసి, బోల్టును మాత్రం గుడ్డలో చుట్టి, తవిటమ్మ వాడిన స్టీలు టిఫిను బాక్సులో శయనింపజేసి, మోపెడ్ అనే రథాన్ని అధిరోహించాడు. దానికి ఒకటే అశ్వం. అదీ ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతుంది.

మొదటి యుద్ధం బజారులో, సోములు హార్డ్‌వేర్ షాపు ముంగిట జరిగింది. సోములు నట్టులకూ బోల్టులకూ కుబేరుడు. ఏది అడిగినా ఉందంటాడు. గంగులు బాక్సు మూత తీయగానే సద్ది తెచ్చుకున్నాడనుకుని, షాపులో కూరల వాసన వద్దని కసిరాడు. లోపల ఉన్నది చూశాక ఒక ఎలెన్ కీల సెట్టు తెచ్చి, తళతళలాడే ఖడ్గపరంపరలా కౌంటరు మీద పరిచాడు.

అన్నిటికన్నా చిన్న కీ దుర్గంలోకి దూరింది. దూరింది గాని, తాగినవాడు మండపంలో తిరిగినట్టు చుట్టూ తిరిగింది, స్క్రూ కదల్లేదు. దాని పై సైజు గుమ్మంలోకే రానన్నది. మూడో సెట్టు, నాలుగో సెట్టు వచ్చాయి. అన్నిటిలోనూ చిన్నది చిన్నదే, పెద్దది పెద్దదే. సోములు కళ్ళజోడు పైకెత్తి తీర్పు చెప్పాడు.

"ఇది పాతకాలం అంగుళాల కొలత, మావా. ఇప్పుడన్నీ మిల్లీమీటర్లే వస్తన్నాయి. సాక్లెట్ కాగితం సుట్టి తిప్పీ, తిరుగుతాది."

"తిరక్కపోతే?"

"తిరక్కపోతే మూలలరిగిపోతాయి. అప్పుడింక ఏ కీ అక్కర్లేదు నీకు."

ఆ సలహాలోని పరమార్థం గ్రహించి గంగులు బాక్సు మూసేశాడు. వెనక్కి తిరుగుతుంటే ఒక రైతు, సద్దిలో కూరేటని అడిగాడు. ఇనుము అన్నాడు గంగులు. అతను రెండడుగులు పక్కకు జరిగాడు.

అప్పుడు, బజారు నడిబొడ్డున, పిడుగు పడినట్టు జ్ఞాపకం వచ్చింది. కీ ఎక్కడుందో గంగులుకు తెలుసు. తెలిసినందుకే ఆ క్షణందాకా తెలియనట్టు ఉన్నాడు.

తవిటమ్మ కుట్టుమిషనుకు మోటారు ఉండేది. ఆ మోటారు చక్రం స్క్రూ వదులైనప్పుడల్లా చక్రం జారేది. దానికీ, రైఫిలు బోల్టుకూ ఒకటే కీ సరిపోతుందని కనిపెట్టింది తవిటమ్మే. చెప్పినప్పుడు హవల్దారు నమ్మలేదు. ఆవిడ బిగించి చూపించి, కీని మిషను దగ్గరే ఉంచేసుకుంది. ఆవిడ పెద్దకర్మ నాడు, పంక్తిలో అందరూ వింటుండగా, ఆవిడ తమ్ముడు లక్ష్ముడు ఒక మాట అన్నాడు.

"తుపాకీకి రాసిన నూనిలో సగమైనా మా అక్క తలకి రాయలేదు నువ్వు."

పోయినావిడ వస్తువులు పుట్టింటికి పంపడం వాళ్ళ ఇళ్ళల్లో ఆచారం. చీరా పసుపూ పెట్టి, మంచిరోజు చూసి పంపుతారు. గంగులు మాత్రం విస్తళ్ళు ఎత్తకముందే మిషనును తనే మోసుకుపోయి లక్ష్ముడు వచ్చిన ఆటోలో పడేశాడు. దాని సొరుగు తెరిచి చూడలేదు. వీరులు సొరుగులు చూడరు. లక్ష్ముడి గడప జన్మలో తొక్కనని ఆటో పొగలో నిలబడి ప్రతిజ్ఞ చేశాడు. ప్రతిజ్ఞ నిలిచింది. కీ పోయింది.

లక్ష్ముడి ఇంటికి పోయే దారిలో, పారాది వంతెన మీద లారీల అక్షౌహిణులు రెండు వైపులా మోహరించి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కుని, పొగ మింగి, తిట్లు మింగి, చివరకు లక్ష్ముడి వాకిట్లో రథం దిగాడు గంగులు. లోపల, గోడవారగా, తవిటమ్మ మిషను గిర్రున తిరుగుతోంది. లక్ష్ముడి పెళ్ళాం కుసుమకుమారి పెళ్ళిళ్ళ జాకెట్లు కుడుతోంది. ఆమె తలెత్తి, చూసి, కాలు తీసింది. మిషను ఆగింది.

"ఓ గృహిణీలలామా, నీ పతి పలికిన పరుషవాక్యములను మరచి వచ్చితినని తలంపకుము, కార్యార్థినై మాత్రమే వచ్చితిని, నా వస్తువును నా కరముననుంచి, నన్ను నా మార్గమున పోనిమ్ము" అని హృదయంలో ఘోషించాడు. పైకి "సొరుగులో నా కీ ఉండాల" అన్నాడు.

"సొరుగులో లేదు అన్నియ్యా, ఇదిగో" అంటూ ఆమె మిషను పక్కనుంచి ఎర్రదారం ఒకటి పైకెత్తింది. దారం ఒక కొస మిషను కాలికి ముడివేసి ఉంది. రెండో కొసన, చలిచీమంత గర్వంగా, కీ వేలాడుతోంది. "వదిన కట్టిందే. అస్తమానూ పోతన్నాదని కట్టేసినాది. నేను ఇప్పలేదు."

గంగులు గడప ఇవతలినుంచే చెయ్యి చాచాడు. ఆమె దారాన్ని చివరికంటా లాగింది. దారం గదిలో సగానికే వచ్చి ఆగింది. ఆ చేతికీ ఈ కీకీ మధ్య ఏడు సముద్రాలంత గచ్చు ఉంది.

కుసుమకుమారి కత్తెర అందుకుంది. అందులో వేళాకోళం లేదు, అడగడానికే అడిగింది.

"తెంపీమంటావేటి?"

ఆ ముడి తవిటమ్మ వేసింది. గోచీపాత కొసన రూపాయి కట్టినట్టు బిగించి, మూడు పేటలు వేసి, కొస లోపలికి దోపి వేసే ముడి. గంగులుకు ఆ ముడి తెలుసు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు టిఫిను గుడ్డకు వేసేది. కురుక్షేత్రంలో ఎవరి రథమూ ఇంతసేపు ఆగి ఉండదు. ఒక పక్క ప్రతిజ్ఞ, ఒక పక్క కత్తెర.

"తెంపకు" అన్నాడు.

గడప దాటాడు. ఆకాశం విరగలేదు. మిషను పక్కన గొంతుక్కూర్చుని, బోల్టు తీసి, కట్టేసిన దూడలా దారం ఎంత రానిస్తే అంత మెడ వంచి, కీని దుర్గంలోకి దింపాడు. ఎటూ కదలకుండా, తన ఇంటికి తను వచ్చినట్టు దిగిందది.

సరిగ్గా అప్పుడే లక్ష్ముడు కళ్ళంనుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జన్మలో తన గడప తొక్కనన్న బావ, అక్క మిషను కాలికి కట్టేసి ఉన్నట్టు కనబడ్డాడు. నవ్వొచ్చే దృశ్యమే. లక్ష్ముడు నవ్వలేదు. లోపలికి వచ్చి, మిషను నూనె పోసే చిన్న డబ్బా తీసి పట్టుకున్నాడు.

"నూని ఎయ్యాలా, బావా?"

అది పొడుపో, పిలుపో గంగులుకు తెలియలేదు. లక్ష్ముడికైనా తెలుసో లేదో. గంగులు తలెత్తలేదు. బోల్టును అటు చాచాడు. రెండు చుక్కలు పడ్డాయి. అప్పుడు మునివేళ్ళతో కీని తిప్పాడు. అర చుట్టు. స్క్రూ బిగిసింది.

టీ తాగాడా? తాగలేదు. క్షమించాడా? అదీ లేదు. కీని దారంతో సహా మిషను మీద పెట్టి, బాక్సు పట్టుకుని బయటపడ్డాడు. అది మళ్ళీ వదులైతే మళ్ళీ ఇక్కడికే రావాలన్న సంగతి ఆ ముగ్గురికీ అర్థమైంది.

మధ్యాహ్నం, బోల్టు తిరిగి ఎక్కించిన రైఫిలుతో గంగులు బ్యాంకు ముందు నిలబడి ఉండగా, పృథ్వీరాజ్ మోటారుసైకిలు దిగకుండానే తనిఖీ ప్రారంభించాడు. రైఫిలు నిలువుగా పట్టుకోమన్నాడు. సెల్‌ఫోను తీశాడు. నంబరు కనబడేలా తిప్పమన్నాడు. గంగులు బోల్టు మీద చెయ్యి వేశాడు.

"అదక్కర్లేదు తాతా. ఫొటో సాలు, ఆఫీసోలు అదే అడుగుతారు."

తాత అన్న మాటకు ఒకటి, ఫొటో చాలన్నందుకు ఒకటి అని లెక్కకట్టి, గంగులు ఖాళీ రైఫిలు గొట్టాన్ని ఆకాశానికెత్తి, పింఛను వరుసలోని ముసలమ్మలు చూస్తుండగా, పృథ్వీరాజ్ ముక్కుకు జానెడు దూరంలో బోల్టును వెనక్కి లాగి ముందుకు తోశాడు. పాలల్లో గరిటె తిప్పినట్టు వచ్చి వెళ్ళిందది. సూపర్‌వైజరు ఉలిక్కిపడి మోటారుసైకిలుతో సహా పక్కకు ఒరిగి, చెప్పు జారి, నిలదొక్కుకున్నాడు. ఫోనులో ఏదో నొక్కి, బాగుందన్నాడు. డబుల్ బ్యారెల్ మనిషి సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

దుందుభులు మ్రోగలేదు. పుష్పవృష్టి కురవలేదు. వరుసలో ఒక ముసలమ్మ మాత్రం, ఏదైనా సప్పుడైందా అని పక్కామెను అడిగింది. అవలేదంది పక్కామె.

కనుక సకల దిక్పాలకులూ, పింఛనుదారులూ వినుగాక: మాజీ హవల్దారు గంగులు, హార్డ్‌వేర్ సైన్యాలను దాటి, లారీల అక్షౌహిణులను ఛేదించి, సొంత ప్రతిజ్ఞను భగ్నం చేసుకుని, నువ్వుగింజంత శత్రువును అర చుట్టు తిప్పి గెలిచాడు. స్టూలు అతనిదే. దాని మీద కూర్చుని సాయంత్రం దాకా బోల్టును చూసుకున్నాడు. తుపాకీ నూనె వాసనకు బదులు కుట్టుమిషను నూనె వాసన వస్తోంది. జేబులో గుడ్డ ఉంది. తుడవలేదు.