పదకొండు రోజుల్లో వచ్చిన పర్మిషన్

పోస్ట్‌మ్యాన్ కవరు ఇచ్చేసరికి కొత్త కోడలి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. తుడుచుకునే ఓపిక లేక కవరును పళ్లతోనే చించింది. లాండ్రీకి నీటి కనెక్షన్ పర్మిషన్! దరఖాస్తు పెట్టి సరిగ్గా పదకొండు రోజులు.

"ఏమండీ, వచ్చేసింది!" అంటూ గది మధ్యలో గిర్రున తిరిగింది. భర్త ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి చూశాడు, వాసన కూడా చూశాడు. పెళ్లై నలభై రోజులే కావడంతో వాళ్లకు ప్రతి కాగితమూ ప్రేమలేఖలాగే కనిపిస్తోంది.

వాళ్ల ప్లాను చిన్నది. ఇవాళ ప్లంబరు పైపు కలుపుతాడు. రేపు వీధి మలుపులోని లాడ్జి నుంచి అరవై దుప్పట్లు వస్తాయి. రేపే ఉతికి ఇస్తే ఏడాది పొడవునా పని మీదే, లేకపోతే ఇంకొకరిదని లాడ్జి యజమాని ముందే చెప్పేశాడు. అద్దె ఇంటి ముందుగదిలో పెట్టిన రెండు మెషీన్లూ అప్పు చేసి కొన్నవి. పక్కపక్కన నిలబడ్డ వాటిని చూసి, "అచ్చం మనలాగే ఉన్నాయి కదూ," అని ఆమె రోజుకోసారైనా మురిసిపోయేది.

ప్లంబరు వచ్చి, సంచి దించి, కాగితం చూశాడు.

"ఎంత ఇచ్చారు సార్?"

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

"ఏమీ ఇవ్వలేదు," అన్నాడు భర్త, కాస్త గర్వంగానే.

ప్లంబరు ఆ కాగితాన్ని చెయ్యి కాలినట్టు కింద పెట్టేశాడు. "అయితే ఇది దొంగది సార్. ఏడాదిలోపు వచ్చిన పర్మిషన్ నేనింతవరకు చూళ్లేదు. అసలుదైతే మూలలు నలిగి, టీ మరకలు పడి ఉండాలి. ఇదేంటి, ఇస్త్రీ చేసినట్టుంది! దీన్ని నమ్మి మెయిన్ పైపు ముట్టుకుంటే నా లైసెన్సు ఊడుతుంది."

అత్తగారు కోడల్ని వంటింట్లోకి లాగింది. "పిచ్చి పిల్లా, ఏదో ఒకటి ఇచ్చామని చెప్పకూడదూ? పరువుగా ఉంటుంది."

కోడలికి అబద్ధాలాడటం అలవాటు లేదు. బయటికొచ్చి, "మర్చిపోయాం, ఐదొందలు ఇచ్చాం," అంది.

ప్లంబరు జాలిగా చూశాడు. "ఐదొందలకి అక్కడ పెన్ను మూత కూడా తియ్యరమ్మా."

భార్యను ఆదుకోబోయాడు భర్త. "అది పెన్ను మూతకే! మొత్తం రెండు లక్షలు!"

మేడ మెట్లు దిగి వస్తున్న ఇంటి ఓనరు చివరి మెట్టు మీద ఆగిపోయాడు. "రెండు లక్షలా? అద్దె తగ్గించమని గంటసేపు ప్రాణం తీసింది మీరేనా? వచ్చే నెల నుంచి రెట్టింపు కట్టండి."

"అయ్యో బాబాయ్‌గారూ, అది అబద్ధం! అసలేమీ ఇవ్వలేదు!" అంది కోడలు.

"ఏమీ ఇవ్వకుండా పర్మిషనా? అంటే దొంగ కాగితం! నా ఇంట్లోనా? సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యండి!"

నిజం చెబితే ఇల్లు పోతుంది, అబద్ధం చెబితే అద్దె పెరుగుతుంది. ఏది చెప్పినా నీళ్లు మాత్రం రావు.

ఇద్దరూ నీటి ఆఫీసుకి పరుగెత్తారు. ఈ కాగితం అసలుదేనని ఒక్క ముక్క రాసి ముద్ర వేయమని హెడ్ క్లర్కును అడిగారు. వాళ్లను చూస్తూనే ఆయన లేచి, స్వయంగా కుర్చీలు తుడిచాడు.

"అసలుదేనండీ! పదకొండు రోజులు పట్టినందుకు ఏమీ అనుకోకండి. మధ్యలో ఆదివారం అడ్డొచ్చింది."

"అసలింత తొందరగా ఎందుకిచ్చారండీ?" అన్నాడు భర్త నిష్ఠూరంగా.

హెడ్ క్లర్కు గొంతు తగ్గించాడు. "దరఖాస్తు పెట్టిన రోజు మీరిద్దరూ క్యూలో నవ్వుకుంటూ నిలబడ్డారు. ఇరవై ఆరేళ్లలో ఈ వరండాలో నవ్విన మనిషిని నేను చూళ్లేదు. ఇక్కడ నవ్వాలంటే వెనకాల ఎంత పెద్దవాళ్లు ఉండాలి! భయపడి అందరం సంతకాలు పెట్టేశాం. ఇంతకీ మీరు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండీ. మాకు కొత్తగా పెళ్లైంది, అంతే," అంది ఆమె.

హెడ్ క్లర్కు మెల్లగా కూర్చున్నాడు. పదకొండు రోజులు పడ్డ భయమంతా ఆయన మొహంలో కోపమై పొంగింది. "ఆ కాగితం ఇలా ఇవ్వండి. మళ్లీ పరిశీలించాలి. ఓ ఏడాది పడుతుంది."

కాగితానికి ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస భర్త చేతిలో. ఏం చెయ్యాలో తోచక ఆమె చుట్టూ చూసింది. కిటికీలకు వేలాడుతున్న కర్టెన్లు అసలు ఏ రంగువో చెప్పడం కష్టం.

"పాపం, వీటిని ఎవరూ ఉతకరా? మాకిస్తే తెల్లగా చేసి ఇస్తాం," అంది.

"డబ్బులు?"

"మీ దగ్గరా! అయ్యో, వద్దండీ."

ఆమె జీవితంలో ఇచ్చిన మొదటి లంచం అదే. ఆ సంగతి ఆమెకు తెలియలేదు గాని హెడ్ క్లర్కుకు వెంటనే తెలిసింది. కాగితం వదిలేశాడు. "మా ఇంట్లో దుప్పట్లు కూడా ఉన్నాయి. ఆఫీసరు గారింట్లో సోఫా కవర్లు..." అంటూ పక్క బల్లల వైపు చూశాడు. ఆరు తలలు ఒకేసారి ఊగాయి. ముద్ర ఠపీమని పడింది.

ఇంటికొచ్చి భర్త జరిగిందంతా చెప్పాడు. ప్లంబరు ముద్ర వైపు చూడనే లేదు. "ఆఫీసు మొత్తం బట్టలూ ఊరికేనా? అదీ మాట! ఇప్పుడిది అసలు పర్మిషన్," అని రంపం తీశాడు. ఓనరు కూడా చల్లబడి, మేడ మీది నుంచి నాలుగు దుప్పట్లు పట్టుకొచ్చాడు.

కుళాయిలో మొదటి నీటి చుక్క పడగానే కొత్త కోడలు చప్పట్లు కొట్టింది. "ఏమండీ, రేపు ఐదింటికే లేద్దాం. ముందు ఆఫీసు కర్టెన్లు, తర్వాత ఆఫీసరు గారి సోఫా కవర్లు, తర్వాత క్లర్కుల దుప్పట్లు, ఆ తర్వాత బాబాయ్‌గారివి."

"మరి లాడ్జివి?"

"రాత్రి దాకా కరెంటుంటే అవి కూడా ఉతికేద్దాం!"

కొత్త వ్యాపారంలో డబ్బిచ్చే బట్టలు మొదటి రోజే వరసలో ఆఖరున నిలబడ్డాయి.