పొరుగు దేశాలన్నీ తెనాలి చుట్టుపక్కలే!

తెనాలిలో దోమ కుట్టిందా? తిట్టకండి. మీరు ఢాకా వెళ్లి వచ్చినట్టే! సాయంత్రం కరెంటు పోయిందా? ఖాట్మండులో అడుగుపెట్టారు. ముగ్గురు కూర్చునే ఆటోలో పదమూడో మనిషిగా వేలాడుతున్నారా? అభినందనలు, మీరిప్పుడు లాహోరులో ఉన్నారు! ఇన్ని దేశాలు గుమ్మంలోకి వచ్చి పలకరిస్తుంటే, పనిగట్టుకుని విమానాలెక్కేవాళ్లను ఏమనాలి?

ఇంత గొప్ప సత్యం కనిపెట్టింది నేను కాదు, దక్షిణామూర్తి మాస్టారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి, 2002లో రిటైరయ్యారు. పొరుగు దేశాల పాఠం నిద్రలో లేపి అడిగినా కామా పోకుండా అప్పజెబుతారు. అందరికీ ఒకటే రుతుపవనం, ఒకటే వరి, ఒకటే కొబ్బరి, ఒకటే వరద. ఇక వెళ్లి చూసేదేముంది?

ఈ సిద్ధాంతం ఆయన భార్య కామేశ్వరమ్మగారొక్కరికే ఎక్కలేదు. రిటైర్డు టీచర్లంతా కలిసి వారం రోజులు శ్రీలంక వెళుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆవిడకు అదే ధ్యాస.

"మీ క్లాసు పటాలకి రంగులేసింది నేనే కదండి. ముప్పై ఏళ్లు శ్రీలంకకి పచ్చరంగు పూశాను. ఒక్కసారి నా కళ్లతో చూడాలనుందండి," అన్నారు.

"ఏంటి చూసేది? అంతా మన బాపట్లే!" అన్నారు మాస్టారు.

అని ఊరుకోలేదు. ప్రాక్టికల్స్ కూడా పెట్టారు! ఆదివారం ఆవిణ్ణి బాపట్ల తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున నిలబెట్టి, "ఇదే కొలంబో. ఆ నీళ్లే ఈ నీళ్లు," అన్నారు. మరుసటి ఆదివారం రేపల్లె పాసింజరు ఎక్కించారు. దారిపొడుగునా వరిచేలు చూపించి బర్మా అన్నారు. దిగాక బురద, పడవలు, ఎండుచేపలు చూపించి బంగ్లాదేశ్ అన్నారు. రెండు ఆదివారాల్లో మూడు దేశాలు! ఏ ట్రావెల్ ఏజెంటు చూపిస్తాడండీ?

కామేశ్వరమ్మగారు కుచ్చిళ్లకంటిన బురద దులుపుకున్నారు. మర్నాడే పాస్‌పోర్టుకు అర్జీ పెట్టి, టూరుకు పేరిచ్చి వచ్చారు. ఒక్క పేరే.

"మరి నా భోజనం?" అన్నారు మాస్టారు, గొంతు బాగా తగ్గించి.

"పక్క దేశాలే ఒకటైనప్పుడు పక్కిల్లు ఒకటి కాదా అండి? రంగమ్మగారితో చెప్పాను. గోడ అవతలేగా! అదే బియ్యం, అదే కందిపప్పు, అవే మున్సిపాలిటీ నీళ్లు."

సిద్ధాంతం కనిపెట్టినవాడికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది! ఆవిడ విమానం కోసం మద్రాసు రైలెక్కారు. మాస్టారు పక్కింటి మెట్లెక్కారు.

తొలిరోజు పప్పులో బెల్లం తగిలింది. రెండోరోజు చారులో వెల్లుల్లి. మూడోరోజు కాఫీ గ్లాసులో కాక కప్పులో వచ్చింది. రంగమ్మగారిని అనడానికేమీ లేదు, "ఇంకొంచెం వేసుకోండి అన్నయ్యగారూ," అంటూ ఆప్యాయంగానే వడ్డించేవారు. అయినా ముద్ద దిగితేనా! తిని ఇంటికొస్తే "వచ్చారా?" అని అడిగే గొంతు లేదు. విమానం మీద కోపమూ కాదు, శ్రీలంక మీద కోపమూ కాదు. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు ఏ పాఠంలోనూ రాలేదు. మాస్టారికి బెంగ పట్టుకుంది.

నాలుగోరోజు శ్రీలంకలోని కాండీ నుంచి ఆవిడ ఫోనొచ్చింది.

"మీరు చెప్పిందే నిజమండి! ఇక్కడా అన్నమే, కొబ్బరే, వానే. రోడ్డుకడ్డంగా ఆవు కూడా పడుకుంది. అచ్చం మన తెనాలే!"

ముప్పై ఏళ్ల పాఠం రుజువైంది. మాస్టారు పొంగిపోవాలా, వద్దా?

"ఎవరన్నారు ఒకటేనని?" అని అరిచారాయన. "గోడ అవతలి పప్పుకీ మన పప్పుకే పోలిక లేదు! నువ్వు సరిగ్గా చూడలేదు కామేశ్వరీ. దేశానికీ దేశానికీ బోలెడు తేడాలుంటాయి!"

అటునుంచి ఆవిడ వెంటనే అందుకున్నారు.

"అయితే ఇంకో వారం ఉండి, ఆ తేడాలేంటో చూసి రమ్మంటారా అండి?"