ఏడో నంబరు మొక్క

ఈ డెబ్భై రెండేళ్లలో లేనిది ఉన్నట్టు ఒక్క ముక్క చెప్పి ఎరగను. నోరు తెరిస్తే నిజమే రాలుతుంది. మా నొంగ్‌సాయ్‌లో ఎవర్నైనా అడగండి. అందుకే ప్రభుత్వం వారు మా ఊరి ఆసుపత్రిలో "ఆసియా ఖండంలోనే ప్రప్రథమ సంపూర్ణ వాతావరణ నియంత్రిత ప్రజా గంజాయి మందిరం" నెలకొల్పిన వైనం రాయడానికి నాకంటే తగినవాడు లేడు.

గంజాయిని మందుగా ఒప్పుకుంటూ చట్టం వచ్చిన కొత్తల్లో మాట. థాయ్‌లాండ్ మొత్తం కుండీలు చంకన పెట్టుకుని తిరుగుతున్న రోజులు.

మందిరమంటే కిటికీలు మూసేసిన ఒక గది. అందులో పన్నెండు కుండీలు. వేడి ఇరవై అయిదు డిగ్రీలు దాటకూడదు. గాలిలో తేమ సగానికి మించకూడదు. మొక్కలు పీల్చుకోవడానికి బొగ్గుపులుసు గాలి సిలిండరు ఒకటి. కొత్త ఏసీ తెప్పించడానికి వ్యవధి చాలక, పక్కనున్న ముసలివాళ్ల వార్డులోది ఊడదీసి బిగించారు. అలాగని వార్డుకు లోటు రానిస్తారా? పన్నెండు మంచాలకూ కలిపి ఒక ఫ్యాను ఉంచారు. అది పెద్ద ఆఫీసరు మెడలాగా ఒక్క పక్కకే తిరిగేది.

మొక్కల్ని చూసుకునే సమ్రువై ఆర్కిడ్ తోటల్లో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. ఆమె తల్లి కేసోన్ అవ్వ ఆ వార్డులోనే ఏడో మంచం మీద ఆయాసంతో రొప్పుతోంది. బయట ఏప్రిల్ ఎండ నలభై రెండు.

"డైరెక్టర్ గారూ, మా అమ్మ మంచం ఈ గదిలో ఓ మూలకి వేసుకుంటానండీ. మొక్కల జోలికి రాదు."

డైరెక్టర్ థవీసక్ గారిది జాలిగుండె. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మొక్కలకి మంజూరైన చల్లగాలి మనుషులు పీలిస్తే ఆడిట్‌వాళ్లు నా ఊపిరి తీస్తారక్కా. అదే ఆవిడ మొక్కయ్యుంటే ఈ క్షణం చేర్చుకుందును."

ప్రారంభోత్సవానికి ఉపమంత్రి ప్రసోప్‌చోక్ గారు వస్తున్నారన్నారు. గుడిలో పెద్ద భిక్షువు ముహూర్తం పెట్టారు: ఉదయం తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలు. సమ్రువై డైరెక్టర్ గారి దగ్గరికి పరుగెత్తింది. పగటి ఎండకు మొక్కల మీద వేలాడే పెద్ద దీపాల వేడి కూడా తోడైతే ఏసీ తట్టుకోదని, ఆమె దీపాలు రాత్రంతా వెలిగించి పగలు ఆర్పేస్తోంది. పూతకొచ్చిన మొక్కకు పన్నెండు గంటల కటిక చీకటి కావాలి. మధ్యలో వెలుగు పడిందా, బెదిరిపోయి గింజ కట్టేస్తుంది. గింజ కట్టింది మందుకు పనికిరాదు.

"అప్పటికి వాటికి అర్ధరాత్రండీ!"

"మంత్రిగారొస్తే అర్ధరాత్రి లేవనివాళ్లు మన జిల్లాలో ఎవరున్నారు? మొక్కలకంత పొగరా?"

చివరికి ఆకుపచ్చ బల్బు దగ్గర రాజీ కుదిరింది. ఆ వెలుగు మొక్కల కంటికి ఆనదు. ఉపమంత్రిగారు చెప్పులు విప్పి, బంతిపూల దండతో లోపలికి అడుగుపెట్టారు. ఫొటోగ్రాఫర్ మొదటి ఫొటో తీసి చూసుకుని, కెమెరాకే దండం పెట్టాడు. పీఏ తొంగిచూసి కెవ్వుమన్నాడు.

"సార్, ఇందులో మీరు పోయి మూడ్రోజులైనట్టున్నారు!"

"ఎన్నికల ముందు దయ్యమై కనబడమంటావా? తెల్ల లైట్లేయించు!"

వేయించాడు. ఉన్నవన్నీ వేయించాడు. తొమ్మిదిమంది భిక్షువులు, కొవ్వొత్తులు, అగరొత్తులు, ఎనభైమంది అనుచరులు. తేమ కొలిచే యంత్రం తొంభై దాకా ఎక్కి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది.

"ఈ గది ఎంత చల్లగా ఉందో మా ప్రభుత్వం మనసు అంత చల్లన," అన్నారు ఉపమంత్రిగారు చెమట పిండుకుంటూ.

మూడు వారాలకు పన్నెండు మొక్కలూ గింజ కట్టాయి. అన్నిటినీ పీకి పారేయాల్సొచ్చింది. డైరెక్టర్ గారు ఖాళీ గదిలో నేలమీద చతికిలబడ్డారు.

"పైవాళ్లు రోజూ లెక్క అడుగుతారక్కా. వేడెంత, బొగ్గుపులుసు గాలెంత, బతికున్నవెన్ని. సున్నా అని రాశానా, నన్ను బర్మా సరిహద్దుకి తోలేస్తారు."

"ఇక్కడ పన్నెండు కుండీల చోటుంది. అక్కడ పన్నెండు మంచాలున్నాయి," అంది సమ్రువై.

"వాళ్లు మనుషులు!"

"అయితేనేం, బొగ్గుపులుసు గాలి వాళ్లే వదుల్తారు. సిలిండరుతో పనే లేదు. మొక్కైతే చేర్చుకుంటానన్నది మీరే కదండీ."

ఆ సాయంత్రమే మంచాలు మారాయి. కుండీల నంబరు చీటీలు మణికట్లకెక్కాయి. నివేదికలు ఠంచనుగా పోయాయి: "పన్నెండూ సజీవం. ఏడో నంబరు నిన్న జావ పీల్చింది. ఈరోజు చేపల పులుసు అడుగుతోంది." ఆకుల రంగు తెలపమని తాఖీదొచ్చింది. "చామనఛాయ. కళ తిరిగింది," అని జవాబిచ్చారు.

నెల తిరిగేసరికి ప్రశంసాపత్రం వచ్చింది. "ఇంత గట్టి రకం దేశంలో లేదు. ఏడో నంబరు కొమ్మలు కత్తిరించి అన్ని జిల్లాలకూ పంపవలెను."

సమ్రువై చదివి వినిపిస్తే కేసోన్ అవ్వ దుప్పటి మెడదాకా లాక్కుంది.

"తొమ్మండుగురు పిల్లలు. తలో జిల్లాలో ఎప్పుడో నాటుకున్నారు. మళ్లీ నన్ను కొయ్యడమెందుకే? ముందా చలి కాస్త తగ్గించు."

"తగ్గించకూడదమ్మా. మొక్కలకి ఇరవై అయిదే."

ఇదీ జరిగింది. నోరు తెరిస్తే నిజమేనని మొదట్లో కోతలు కోశాను కదూ? ఒకటి కల్పించాను, ఒప్పేసుకుంటున్నా. పచ్చదయ్యం, చామనఛాయ ఆకులు, కొమ్మల తాఖీదు, అన్నీ అక్షరాలా నిజం. వార్డులో ఫ్యాను ఉందన్నానే, అదే లేదు. మరీ ఏమీ లేదంటే నమ్మరేమోనని నేనే తగిలించాను.