దీక్షకెక్కిన పనిబల్ల

ఆ శుక్రవారం పొద్దున స్వామిదాసు పెట్టుకున్న పని ఒక్కటే. కొత్తగా చేసిన పనిబల్లను గ్యారేజీలోకి చేర్చడం, చేర్చాక దాని పక్కన నిలబడి కాసేపు కళ్లారా చూసుకోవడం. మనిషికి ఇంతకంటే చిన్న కోరిక ఉండదు. అదైనా తీరనిచ్చారా!

గ్యారేజి అనేది అతని మాట. భార్య పద్మమ్మ మాత్రం దాన్ని బర్రెల కొట్టమనే అనేది, పోయినేడు దాకా అందులో ఆమె పుట్టింటి బర్రె ఉండేది మరి. ఇల్లు మొయినాబాద్‌లో సడక్ పక్కనే. చుట్టుపక్కల బావుల మీద ఏ ఆయిలింజను మొరాయించినా స్వామిదాసే బాగుచేసేవాడు. చేసేది మాత్రం నేల మీద, గోనెపట్టా పరుచుకుని. నడుము పట్టేసేది, నట్లు మట్టిలో కలిసిపోయేవి. వీటన్నిటికంటే కష్టం ఇంకొకటుంది. వచ్చినవాళ్లు నిలబడే ఉండి, అతన్ని పైనుంచి కిందికి చూస్తూ మాట్లాడేవాళ్లు.

చేవెళ్లలో పిండి గిర్ని నడిపే భద్రయ్య సేటు ఆ మాట మొహం మీదే అన్నాడు. "నా ఇంజను నీకే ఇద్దామని ఉన్నది గని, నేల మీద ఇప్పెటోనికి ఎట్ల ఇయ్యాలె? సోమారం నాటికి బల్ల ఉంటె తెస్త. లేకుంటె పట్నం పంపుత."

గిర్ని ఇంజను ఒక్కటి చేతికొస్తే చాలు, చేవెళ్ల దాకా స్వామిదాసు మెకానిక్కే. పోతే జన్మంతా గోనెపట్టా మెకానిక్కే. అందుకే ఉన్నంతలో బల్ల చేయడానికి పూనుకున్నాడు. సురంగల్‌లో మూలపడ్డ ఎడ్లబండి కొయ్యను బతిమాలి తెచ్చుకున్నాడు. పైన పరచడానికి సరుకుల పెట్టెల పలకలు దొరికాయి. కొట్టం ద్వారాన్ని తన మూరతో జాగ్రత్తగా కొలిచి, బల్ల పట్టాక ఇరుపక్కలా వేళ్లు దూరేంత సందు మిగిలేలా లెక్క చూసుకుని, ఎత్తూ వెడల్పూ ఎన్నెన్ని మూరలో వడ్రంగి మల్లప్పకు చెప్పాడు. మల్లప్ప తన మూరతో కోశాడు. అక్కడ అందరి పనీ అలాగే నడుస్తుంది, ఎవరి మూర వాళ్లది. కాకపోతే స్వామిదాసు పొట్టివాడు, మల్లప్ప తాడిచెట్టంత మనిషి. ముక్కలు తెచ్చి వాకిట్లోనే బిగించుకున్నాడు స్వామిదాసు. మళ్లీ ఊడే మాటే లేకుండా మేకులన్నీ తలల దాకా దిగ్గొట్టాడు.

తీరా చూస్తే బల్ల ద్వారంలో పట్టలేదు. పక్కకు వాల్చినా పట్టలేదు. కాళ్లు ముందుగా తోసినా, వెనక్కి తిప్పి తోసినా అదే వరస.

"బర్రె పట్టిన దర్వాజల బల్ల పడ్తలేదా?" అంది పద్మమ్మ గడప మీద నిలబడి.

"మల్లప్ప చెయ్యి పొడుగైతె నా తప్పా?"

"ఆయన చెయ్యి గూడ కొలిచేది ఉండె."

స్వామిదాసుకు ఒళ్లు మండిపోయింది. బల్ల ఎక్కి, ఇంటికి వీపు పెట్టి, సడక్ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈ బల్లను ఎలా లోపలికి పంపాలో తేలేదాకా దిగేది లేదనుకున్నాడు.

అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు. శుక్రవారాలు పొద్దుగూకి ప్రార్థన అయ్యేదాకా స్వామిదాసు ఏమీ తినడు. పోయిన ఆదివారమే చర్చిలో పాస్టరు శాంతయ్యగారు, ఉపవాసం ఉండేవాడు ఆ సంగతి నలుగురికీ చాటుకోకూడదని గట్టిగా చెప్పాడు. అది స్వామిదాసు మనసుకు బాగా పట్టింది.

ఎదురుగా కిరాణా దుకాణం పరమేశ్వర్‌ది. అతను అక్కడి నుంచే కేకేశాడు. "స్వామిదాసూ, చాయ్ తాగుదువు రా!"

"వద్దన్నా."

"అటుకులన్న తిను."

"ఇయ్యాల ఏం ముట్ట."

"ఎందుకట్ల?"

చాటుకోకూడదు కదా! "ఊకెనే," అన్నాడు.

"అయితె లోపలికన్న పో, ఎండ గొడ్తున్నది."

"ఈ సంగతి తేలేదాక నేనీడికెల్లి కదల!"

అది అరవై తొమ్మిది మార్చి. బడులు మూతపడ్డాయి, బస్సులు తిరిగితే తిరిగినట్టు, లేకుంటే లేదు. ఊరూరా ఎవరో ఒకరు తెలంగాణ కోసం నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. అలాంటి రోజుల్లో సడక్ పక్కన ఎత్తు మీద కూర్చుని తిననూ, కదలనూ, కారణం చెప్పనూ అనే మనిషిని చూస్తే పరమేశ్వర్ ఏమనుకోవాలి? కళ్లు చెమర్చాయతనికి. దుకాణం మూసేసి మల్లేశ్ దగ్గరికి పరుగెత్తాడు.

మల్లేశ్ పట్నంలో చదువుకునే పిల్లాడు, కాలేజీ బంద్ అయి ఊళ్లోనే ఉన్నాడు. దోస్తులను వెంటేసుకుని, బంతిపూల దండ, గుడ్డ బ్యానరు, వెదురు బొంగులు పట్టుకుని వచ్చాడు. స్వామిదాసు నోరు తెరిచేలోగా దండ మెడలో పడింది. నోరు మూసేలోగా బొంగును నిలబెట్టి బల్లకు మేకు దిగ్గొట్టారు.

"అరే, మేకులు కొట్టకుండ్రి! రందా పట్టి నున్నగ చేసిన పలక!"

"ప్రాణమే ఇస్తున్నవు అన్న, పలకెంత!" అన్నాడు మల్లేశ్.

"ప్రాణమెవడిస్తుండురా? ఇది ఇంజన్లిప్పె బల్ల! నా పనిబల్ల!"

మల్లేశ్ జనం వైపు తిరిగాడు. "విన్నరా? తన బతుకుదెరువు బల్లనే దీక్షకిచ్చిండు అన్న! జై తెలంగాణ!"

చప్పట్లతో సడక్ దద్దరిల్లింది. స్వామిదాసుకు తెలంగాణ రావాలని లేకపోలేదు. ఎవరు కేకేసినా తనూ ఓ కేక కలిపేవాడే. కానీ అదేదో తన బల్ల మీద మేకులు కొట్టుకుంటూనే రావాలా? చెప్పిన ముక్క చెవిన పెట్టేవాడు ఒక్కడూ లేడే ఇంతమందిలో!

మధ్యాహ్నానికి చిన్న మంగళారం నుంచి మనుషులు దిగారు. వచ్చిన ఒక్క బస్సూ గుంపును చూసి ఆగిపోయింది, డ్రైవరు దిగొచ్చి దండం పెట్టాడు. మద్దతు ఇస్తామంటూ నలుగురు బల్లెక్కి కూర్చున్నారు, ఒకడు చెప్పులతోనే. అంత బరువు మీద పడ్డా బల్ల కిర్రుమనలేదు. ఆ కోపంలోనూ స్వామిదాసుకు కాస్త గర్వం కలిగింది, వెంటనే ఆ గర్వం మీద కూడా కోపం వచ్చింది.

ఇక దాచి లాభం లేదనిపించింది. దేవుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని అరిచాడు. "నేను దీక్షల లేనయ్యా! మాకు శ్రమ దినాలు! పొద్దూకంగనె బువ్వ తింట!"

"పోలీసోళ్లు వింటరని అట్లంటుండు," అన్నాడు పరమేశ్వర్ పక్కవాడితో గుసగుసగా. ఆ గుసగుస సడక్ అవతలి దాకా వినిపించింది.

"పద్మా, అయ్యగారిని తోల్కరా! ఆయన చెప్తెనన్న వింటరు!"

శాంతయ్యగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆయన అబద్ధమాడడు. అడిగినదానికే జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు.

"అయ్యగారూ, స్వామిదాసన్న ఉపవాసమున్నది నిజమేనా?" అని అడిగాడు మల్లేశ్.

పాస్టరు స్వామిదాసు వైపు, అతని మెడలోని దండ వైపు బాధగా చూశాడు. "నిజమే."

"ఆయనొక్కడేనా?"

"ఒక్కడెందుకు? మా సంఘమంత ఉన్నది."

"ఎన్నొద్దులు?"

"నలభై దినాలు."

ఆ తర్వాత పాస్టరు ఈస్టరు గురించి ఏదో చెప్పబోయాడు గానీ ఎవరు విన్నారు? నలభై రోజులు! సంఘం సంఘమంతా! జనం ఆయన్నీ భుజాల మీదికి ఎత్తుకున్నారు. స్వామిదాసు పక్క నుంచి ఊరేగుతూ పోతూ ఆయన వంగి, "చాటుకోవద్దని చెప్పిన గద స్వామిదాసూ," అని మందలించాడు. స్వామిదాసుకు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దుగూకింది. పద్మమ్మ జొన్నరొట్టె, పప్పు పట్టుకొచ్చింది. స్వామిదాసు చెయ్యి చాపగానే నలుగురు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఆకలికి అన్నకు సోయి తప్పుతున్నది, రొట్టె దూరం పెట్టుండ్రి!"

"నా మొగనికి నేను బువ్వ పెడ్తె ఆపెటందుకు మీరెవరయ్యా?" అని పద్మమ్మ విరుచుకుపడింది.

"నీ బాధ మాకెరికేనమ్మా," అని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ అరిచి గీపెట్టినా కరిగేవాళ్లే తప్ప వినేవాళ్లు లేరు.

అంతలో పోలీసు హెడ్డు కృష్ణయ్య లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "సడక్ బాజుకు సభలు బంద్. లేవుండ్రి. బల్ల జప్తు చేస్తున్న."

జప్తు! సోమవారం, గిర్ని ఇంజను, చేవెళ్ల దాకా పేరు అన్నీ కళ్ల ముందే ఠాణాకు పోయేలా ఉన్నాయి. స్వామిదాసు బల్ల మీద బోర్లా పడుకుని రెండు చేతులా వాటేసుకున్నాడు. "నన్ను చంపినా ఇయ్య! నా బల్ల!"

అది చూసి జనం ఊగిపోయారు. ఊగిపోయిన జనాన్ని చూసి హెడ్డు ఒక మెట్టు దిగాడు. "సరె, సడక్ మీద వద్దు. మీ సొంత జాగల, నాలుగు గోడల నడుమ ఏమన్న చేసుకోండ్రి, నాకు ఫికర్ లేదు."

ఇంక చెప్పేదేముంది? గడ్డపారలు వచ్చాయి. ద్వారబంధం ఊడింది, దాంతో పాటు మూరెడు గోడా పోయింది. ఒక్క ఊపులో బల్ల లోపలికి వెళ్లి, స్వామిదాసు అనుకున్న చోటే, కిటికీ వెలుతురు పడే వైపే కూర్చుంది. అతను దాని పక్కన నిలబడి కళ్లారా చూసుకున్నాడు. గోడ పోయినా బాధ లేదనిపించింది. ఆ గడబిడలోనే వంటింట్లోకి దూరి రెండు రొట్టెలు తిని, చెయ్యి కడుక్కుని తిరిగొచ్చాడు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద జంపఖానా పరిచి ఉంది. దాని మీద పరమేశ్వర్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"నువ్వు తిన్నా ఫికర్ లేదన్న," అన్నాడు మల్లేశ్ ప్రేమగా. "ఇప్పటికెల్లి వంతులు. అయ్యగారు చెప్పినట్లె, నలభై దినాలు."

సోమవారం భద్రయ్య సేటు ఇంజనును బండి మీద వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగి బల్లను పైనుంచి కింది దాకా చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. "గిట్లుండాలె బల్లంటె! ఇంజను దింపుకో." స్వామిదాసు సంజాయిషీ మొదలుపెట్టేలోగా సేటు చెప్పులు విడిచి, దండ వేయించుకుని, బల్లెక్కి కూర్చున్నాడు. ఆ రోజు చేవెళ్లవాళ్ల వంతు.

స్వామిదాసు గోనెపట్టా తెచ్చి సేటు కాళ్ల దగ్గర పరుచుకుని, కింద కూర్చుని ఇంజను విప్పసాగాడు. సుత్తి జర మెల్లగా కొట్టమని పైనుంచి భద్రయ్య సేటు చెప్పాడు, దీక్షలో ఉన్నవాడికి తల నొస్తుందట.