ఋణముక్త కౌమారం

కోనసీమలో పధ్నాలుగేళ్ళు నిండిన ఏ పిల్లా, ఏ పిల్లాడూ ఇక జన్మలో అప్పు చెయ్యరని మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు ‘ఋణముక్త కౌమారం’. ఆ పేరు నోరు తిరగడానికి కార్యకర్తలకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. పిల్లలకు పాఠం ఒక పూట చాలన్నారు.

తొలి సభ అల్లవరం వైపు ఒక హైస్కూల్లో. ఏర్పాట్లు స్థానిక నాయకుడు మురళీమోహన్ నెత్తిన పడ్డాయి. పడ్డాయనడం తప్పు, ఆయనే నెత్తి ముందుకు పెట్టాడు. జిల్లా పొదుపు సమితి అధ్యక్ష పదవి ఖాళీగా ఉంది. పదిహేనేళ్ళు జెండా మోసిన భుజం ఒక పదవిని మోయలేదా అన్నది ఆయన బాధ.

సోమవారం సభ అనగా గురువారం మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు.

"పిల్లలందరి చేతుల్లో బ్యాంకు పాసుబుక్కులు ఉండాలి. ఒక్కోదాంట్లో వెయ్యికి తగ్గకూడదు. సారు స్వయంగా తెరిచి చూస్తారు."

"ఆయ్," అన్నాడు మురళీమోహన్. ఆ మాటకు అవుననీ, విన్నాననీ, చచ్చాననీ మూడర్థాలు.

పధ్నాలుగేళ్ళ పిల్లలు రెండు వందల మంది తేలారు. హెడ్మాస్టరమ్మ పుష్పలత తరగతి తరగతికీ డబ్బా తిప్పించింది. ఆరు వందల నలభై రూపాయలు, ఒక కువైట్ నాణెం వచ్చాయి.

మురళీమోహన్ గొప్పతనం ఇక్కడే బయటపడింది. బుద్ధి పొట్టిగా ఉన్నవాడైతే సభ మానుకునేవాడు. ఆయన నేరుగా వడ్డీలకిచ్చే తాతాజీ కొట్టుకు వెళ్ళాడు.

"రెండు లక్షలు కావాలండీ. సోమవారం సభ. మంగళవారం మీ డబ్బు మీకు."

"దేనికండీ?"

"పిల్లలకు పొదుపు నేర్పడానికండీ."

తాతాజీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మంచి పనేనండీ. నూటికి నెలకు అయిదు. నోటు ఎవరి పేర రాయమంటారు?"

"పిల్లల కోసమే కదండీ."

"పిల్లలు మైనర్లండీ. మీరు మేజరు."

మురళీమోహన్ సంతకం పెట్టాడు. శుక్రవారానికి పాసుబుక్కులు వచ్చేశాయి.

శనివారం పుష్పలత పాఠం చెప్పింది. పైనుంచి వచ్చిన పుస్తకంలో మొదటి సూత్రం: లేని డబ్బు ఉన్నట్టు కనబడడానికి అప్పు చెయ్యరాదు. వెనక బెంచీలో కూర్చున్న మురళీమోహన్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

హేమ అనే పిల్ల లేచింది. "ఈ బుక్కులో వెయ్యి ఎవరిదండీ?"

"నీదేనమ్మా," అన్నాడాయన.

"ఎప్పటిదాకా అండీ?"

"మంగళవారం దాకా."

"తర్వాతండీ?"

"తర్వాత సిలబస్ లేదమ్మా. కూర్చో."

సోమవారం మంత్రిగారు వచ్చారు. ముందు వరసలో ఉన్న హేమ పాసుబుక్కు తెరిచి చూశారు. "ఇంత ఎలా కూడబెట్టేవమ్మా?"

"మురళీమోహన్ బాబాయిగారు చాలా కష్టపడ్డారండీ."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. మైకు అందుకున్నారు. "ఈ డబ్బు పవిత్రం. ఈ పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మేనేజరుగారూ, ఫిక్సెడ్ డిపాజిట్ చేసెయ్యండి."

వేదిక మీదున్న బ్యాంకు మేనేజరుకు డిపాజిట్ల టార్గెట్ ఉంది. ఫారాలు సంచిలోనే ఉన్నాయి. పిల్లల పేర వెయ్యేసి ఉందని సభకు వచ్చిన తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది. సంతకానికి ఒక్కరూ వెనకాడలేదు.

మురళీమోహన్ లేచి నిలబడ్డాడు. "సార్, మంగళవారం..."

"మంగళవారం దాకా ఎందుకయ్యా? మంచి పని ఈరోజే అయిపోవాలి," అన్నారు మంత్రిగారు. అదే ఊపులో ఆయన్ని జిల్లా పొదుపు సమితికి గౌరవ అధ్యక్షుణ్ణి చేశారు. గౌరవ పదవికి జీతం ఉండదు, కారు ఉండదు. కండువా ఉంటుంది. అది అక్కడికక్కడే కప్పారు.

కార్లు వెళ్ళిపోయాక తాతాజీ వేదిక ఎక్కి కొత్త అధ్యక్షుడికి దండ వేశాడు. హేమను పిలిచాడు.

"అమ్మాయీ, రెండు లక్షలకి నూటికి నెలకి అయిదు చొప్పున, నాలుగేళ్ళకి వడ్డీ ఎంతవుద్ది?"

హేమ అరచేతిలో వేలితో లెక్క వేసింది. "నాలుగు లక్షల ఎనభై వేలండీ. అసలుతో కలిపి ఆరు లక్షల ఎనభై."

"పాఠం బాగా చెప్పేరండీ," అన్నాడు తాతాజీ పుష్పలతతో. తర్వాత మురళీమోహన్ మెడలో దండ సరిచేశాడు.

"కంగారేం లేదండీ అధ్యక్షుడుగారూ. పిల్లలు పెరగాలి కదండీ. వాళ్ళతోపాటు అదీ పెరుగుద్ది."