మర్యాద ఎక్కువైన ఎస్సై

పదింటికి కరెంటు పోయేలోపు సర్వపిండి వీడియో పూర్తిచేయాలని పద్మలత పొద్దున్నే నిశ్చయించుకుంది. గిర్మాజీపేటలోని ఆమె వంటింటికి ఆన్‌లైన్‌లో డెబ్బై వేలమంది అభిమానులు. లైవ్ పెట్టి, గిన్నెలో పిండి ఒత్తుతుండగా రెండో ఫోను మోగింది.

"సైబర్ క్రైమ్ ఎస్సై రమాకాంత్‌ను మాట్లాడుతున్నమ్మా. మీరు ప్రచారం చేసిన బెట్టింగ్ యాప్ మీద కేసైంది. ఒకసారి స్టేషన్‌కు రండి."

పద్మలత పిండిచేతులతోనే ఫోను పెట్టేయబోయింది. అంతలోనే, దొంగ పోలీసుల ఫోన్లకు భయపడొద్దని పోయిన వారం తానే చేసిన వీడియో గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకుంది. స్పీకరు ఆన్ చేసింది.

"చూస్తాండ్రా ఫ్రెండ్స్? డిజిటల్ అరెస్టు గాడు! ఏమయ్యా, నిజం పోలీసాయన గింత మర్యాదగ మాట్లాడతాడా?"

"నేను నిజం పోలీసునేనమ్మా," అన్నాడు రమాకాంత్, ఇంకాస్త మర్యాదగా.

ఆమెకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది. "దమ్ముంటే ఇంటికే రా!"

అరగంటలో అతను కానిస్టేబుల్ యమునను వెంటబెట్టుకుని, మామూలు బట్టల్లోనే వచ్చాడు. లైవ్ చూసిన వాడకట్టంతా అప్పటికే అక్కడ చేరింది. వాళ్లిద్దరూ లోపల అడుగుపెట్టగానే పక్కింటి కట్టమ్మ గేటుకు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"దొరికిండ్రు! ఫికర్ చెయ్యకు పద్మా, వందకు ఫోన్ కొట్టిన. అసలు పోలీసులొస్తాండ్రు!"

ఎస్సై గుర్తింపు కార్డు తీశాడు. కార్డులు ఎవడైనా అచ్చేయించుకుంటాడని వాడకట్టు తేల్చేసింది. గుంజీలు తీయించమని లైవ్‌లో అభిమానులు పట్టుబట్టారు.

అసలు పోలీసులు వచ్చారు. గేటు ఊచల్లోంచి రమాకాంత్‌ను చూసి సెల్యూట్ కొట్టారు.

"సార్, నేను జూదమాడలే," అంది పద్మలత చేతుల పిండి దులుపుకుంటూ. "కింద లింకున్నదని ఒక్క ముక్క చెప్పిన, గంతే."

"ఏం యాప్ సార్ గది?" కట్టమ్మ అడిగింది.

యమున యాప్ పేరు చెప్పింది. కట్టమ్మ పద్మలతవైపు తిరిగింది.

"మా కొడుకు శశాంక్ గా దాన్ల పోగొట్టుకునే ఆటో అమ్ముకున్నడు. 'పద్మక్క చెప్పింది, మంచిదే అయితదమ్మా' అన్నడు."

పద్మలత తలెత్తలేకపోయింది. లైవ్‌లో నవ్వులు ఆగిపోయాయి. 'నేను కూడా పోగొట్టుకున్న' అని ఎవరో రాశారు. దానికింద మరొకరు. ఆమె ఫోను ఆపలేదు. మెల్లగా దానివైపు తిరిగింది.

"ఫ్రెండ్స్, గా యాప్ తీసెయ్యుండ్రి. పైసలకు ఆశపడి చెప్పిన. తప్పు నాదే."

కట్టమ్మ కొంగు ముడి విప్పి తాళం తీసింది. "తీస్కపోండ్రి సార్. పద్మ పొద్దటిసంది ఏం తినలే, జర జల్ది పంపుండ్రి."

స్టేషన్‌లో నోటీసు మీద సంతకం పెడుతూ పద్మలత అలవాటుకొద్దీ పక్కనే లవ్ గుర్తు గీసింది. ఎస్సై మర్యాదగా ఇంకో కాగితం తెప్పించాడు.